నలభై దాటాక డిగ్రీ: రాయడమంటే వణికే చెయ్యిని నేనెలా దారికి తెచ్చుకున్నానంటే

మాది జనగామ. బస్టాండుకు దగ్గర్లో ఒక షటరు అద్దెకు తీసుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. పదో తరగతితో బడి మానేశాను. ముప్పై తొమ్మిదేళ్లప్పుడు ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టి పాసయ్యాను. నలభై ఒకటో ఏట దూరవిద్యలో బీఏలో చేరాను. ఇప్పుడు చివరి సంవత్సరం నడుస్తోంది.

చదవడం నాకెప్పుడూ బరువు కాలేదు. మిషన్ మీద కూర్చున్నా పక్కన పేపరు తెరిచే ఉంటుంది. రాయమంటేనే చేతులు చల్లబడేవి. మొదటి అసైన్‌మెంట్ కోసం తెల్లకాగితాలు కొని తెచ్చి పదకొండు రోజులు బీరువా మీద పెట్టాను. పన్నెండో రోజు రాత్రి పుస్తకం ముందేసుకుని ఆరు పేజీలు ఎక్కించాను. ఎక్కించాను అనే అనాలి, రాశాను అనడానికి లేదు. రెండు వారాల తర్వాత ఆదివారం క్లాసులో మేడమ్ కాగితాలు తిరిగిచ్చారు. మార్కులు సగానికి తక్కువే. చివరి పేజీ కింద ఎర్రసిరాతో ఒక్క ముక్క రాశారు: ‘ఇది పుస్తకంలో ఉంది. మీకేం అర్థమైంది?’

క్లాసులో ఏడుపొచ్చింది. ఇంటికొచ్చాక కోపమొచ్చింది. నాకు అర్థమైంది రాస్తే మళ్లీ నవ్వరని ఏంటి నమ్మకం? ‘మళ్లీ’ అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను. ముందు పని సంగతి చూద్దాం. నాలాగా పిల్లలు పెద్దయ్యాక, ఉద్యోగమో దుకాణమో చూసుకుంటూ డిగ్రీ చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనం తక్కువమందిమేం కాదు. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీని 1982లో హైదరాబాద్‌లో పెట్టింది మనలాంటివాళ్ల కోసమే. మా బ్యాచ్‌లో ఒక హోంగార్డు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఒక కరెంటు లైన్‌మన్ ఉన్నారు. అందరిదీ ఒకటే బాధ: పాఠం అర్థమవుతుంది, కాగితం మీదికి రాదు.

మీరు ఇప్పటికే ఏం రాస్తున్నారో చూసుకోండి

‘నాకు రాయడం రాదు’ అని నేను ఇరవై ఏళ్లు అందరికీ చెప్పాను. అలా చెప్తూనే ఆ ఇరవై ఏళ్లూ రోజూ రాస్తున్నాను. నా కొలతల పుస్తకం తీస్తే ఇలా ఉంటుంది: ‘ఛాతీ 36, నడుము 30, పొడవు 14, చెయ్యి 10, వెనక మెడ లోతు 8. పోయినసారి చంకల్లో పట్టిందంట, అరంగుళం వదలాలి. లైనింగ్ వాళ్లదే. శుక్రవారం పెళ్లి, గురువారం సాయంత్రం కల్లా ఇవ్వాలి.’

దీన్ని ఒకసారి మేడమ్‌కు చూపించాను. ఆవిడ ఏమన్నారంటే, ఇందులో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు, ఎవరు చదివినా జాకెట్టు కుట్టగలరు, అసైన్‌మెంట్‌లో ఇలా ఎందుకు రాయవమ్మా అని. నా దగ్గర జవాబు లేదు.

మీ దగ్గరా ఇలాంటిది ఒకటి ఉంటుంది. అంగన్‌వాడీ రిజిస్టరు, చిట్టీ లెక్క, డ్యూటీ రిపోర్టు, కూతురి హాస్టల్ వార్డెన్‌కు పంపిన వాట్సాప్ మెసేజ్. దాన్ని ముందేసుకుని చూడండి. ఎవరికోసం రాస్తున్నామో తెలుసు, ఏం చెప్పాలో తెలుసు. అందుకే అక్కడ చెయ్యి వణకదు. కాలేజీ కాగితం ముందు కూర్చోగానే ఎవరో పెద్దమనిషి వచ్చి భుజం మీద కూర్చున్నట్టు ఉంటుంది, మన మాట పోయి ఆయన మాట వస్తుంది. మొదట దింపాల్సింది ఆయన్నే.

ప్రశ్నలో చివరి మాట

ఇది చిన్న విషయం, తొందరగా చెప్పేస్తాను. ప్రశ్న మొత్తం చదివాక చివరి మాట కింద గీత గీయండి. ‘వివరించండి’ అంటే ఏం జరిగిందో, ఎలా జరిగిందో వరుసగా చెప్పాలి. ‘చర్చించండి’ అంటే నాలుగైదు సంగతులు తూకం వేసి, ఏది ఎక్కువ మొగ్గిందో చెప్పాలి. ‘విశ్లేషించండి’ అంటే విడగొట్టి చూపాలి, జాకెట్టు కుట్లు విప్పి ముక్కలు పరిచినట్టు. ‘లఘుటీక’ అంటే అర పేజీ, అంతకు మించి ఎంత రాసినా దండగే. నేను మొదటి ఏడాది అన్నింటికీ ఒకే జవాబు రాశాను, పొడవు మాత్రం మార్చాను.

పుస్తకం మూసి, నోటితో చెప్పండి

నాకు పెన్ను అలవాటైంది ఇక్కడే, కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తాను.

రెండో అసైన్‌మెంట్ ప్రశ్న: తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి దారితీసిన కారణాలను చర్చించండి. పుస్తకంలో పద్దెనిమిది పేజీలున్నాయి. పాత అలవాటు ప్రకారం మొదటి వాక్యం ఇలా ఎత్తాను: ‘నైజాం పరిపాలనలో భూస్వామ్య వ్యవస్థ వేళ్లూనుకొని ఉండుట వలన ప్రజలు అనేక ఇబ్బందులను ఎదుర్కొనుట జరిగినది.’ రాసి చదువుకున్నాను. ఎవరు ఇబ్బంది పడ్డారు? ఏం ఇబ్బంది? ఈ వాక్యం నాకే ఏం చెప్పడం లేదు.

పుస్తకం మూసేశాను. దుకాణంలో ఎవరూ లేరు, మధ్యాహ్నం రెండు గంటలు. హెమ్మింగ్ చేస్తూ, పాఠంలో ఏముందో పైకి చెప్పుకోవడం మొదలుపెట్టాను. చెప్తుంటే మా అవ్వ గుర్తొచ్చింది. అవ్వ పుట్టింది దేవరుప్పుల దిక్కు ఒక పల్లెలో. వాళ్ల నాయన కుండలు చేసేవాడు. ఆమె చెప్పిన మాటలు చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని మైకు గుర్తు నొక్కి, అవ్వ చెప్పినట్టే చెప్పాను (గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, యాష్టకు రావడమంటే విసిగిపోవడం):

‘గడికి ఎన్ని కుండలు కావాలంటే అన్ని ఇయ్యాలె. పైసలు అడగొద్దు. పండుగొస్తే కుండలు, సర్కారు పెద్దమనుషులొస్తే కుండలు. మా నాయన చేసిన దాంట్ల సగం గడికే పాయె. అట్ల ఇచ్చీ ఇచ్చీ యాష్టకొచ్చిండ్రు.’

ఫోను ‘వెట్టి చాకిరి’ని ‘పెట్టె చాకిరి’ అని రాసింది, ఫుల్‌స్టాపులు ఒక్కటీ పెట్టలేదు. అయినా పర్వాలేదు. తెల్లకాగితం మీద గీత కూడా పడని మనిషి ముందు ఇప్పుడు ఒక పేజీ మాటలున్నాయి. అవీ నా మాటలు.

తర్వాత పుస్తకం తెరిచి, అవ్వ చెప్పినది ఎక్కడ అతుకుతుందో వెతికాను. వెట్టి గురించిన భాగంలో సరిగ్గా అదే ఉంది: చేతివృత్తుల వాళ్లు తమ సరుకును దొరలకూ అధికారులకూ ఊరికే ఇచ్చుకోవడం. అప్పుడు రాసిన పేరా ఇది, మేడమ్ దిద్దకుండా వదిలేసిన నా మొదటి పేరా:

‘వెట్టి అంటే కూలి లేకుండా పని చేయడం అని మాత్రమే చాలామంది అనుకుంటారు. చేసిన వస్తువును ఊరికే ఇవ్వడం కూడా వెట్టే. కుమ్మరి కుండలు ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి. ఇది ఒక్క కులానికో ఒక్క ఊరికో వచ్చిన కష్టం కాదు. అందుకే పోరాటం మొదలైనప్పుడు భూమి లేనివాళ్లు, చేతివృత్తుల వాళ్లు కూడా రైతులతో కలిశారు.’

చూశారు కదా, అవ్వ పేరు ఇందులో లేదు. అవ్వ మాట వల్ల పుస్తకంలోని మాట నాకు కనిపించింది, అంతే. మీ సబ్జెక్టు ఎకనామిక్స్ అయితే చిట్టీ పాట గుర్తొస్తుంది, పొలిటికల్ సైన్స్ అయితే పోయిన సర్పంచ్ ఎన్నికలు గుర్తొస్తాయి. వయసు మీరాక చదవడంలో లాభం ఒకటుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు పుస్తకం ఒక్కటే దిక్కు. మనకు పుస్తకంలోని సంగతిని పెట్టి చూసుకోవడానికి బతికిన బతుకు ఉంది.

అయితే జాగ్రత్త. అవ్వ చెప్పిందని చెప్పి తేదీలూ పేర్లూ ఆమె జ్ఞాపకం మీద వేయకూడదు. అవి పుస్తకం నుంచే తీసుకోవాలి. నేను ఒక చిన్న కాగితం మీద ఐదు గుర్తులు వేసుకుంటాను. ఈ పాఠానికి వేసుకున్నవి: 1930 జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ (నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘం), 1944 భువనగిరి సభ, 1946 జులై 4న కడవెండిలో కాల్పులకు దొడ్డి కొమరయ్య మరణం, 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య (నిజాం రాజ్యంలోకి భారత సైన్యం రావడం), 1951 అక్టోబర్‌లో పోరాట విరమణ. ఈ ఐదింటిని గుడ్డ మీద సుద్ద గుర్తుల్లా అనుకోండి. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు ఎలా వెళ్లామో చెప్పడమే జవాబు. అర్జీలు, తీర్మానాలతో మొదలైన మహాసభ భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యేనాటికి ఎందుకు మారింది? కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ (ఆ దిక్కు పెద్ద భూస్వామి) మనుషులు కాల్పులు జరిపాక ఊళ్లలో ఏమైంది? మధ్యలో ఈ ‘ఎందుకు’లు పడితే వాక్యాలు వాటంతట అవే వస్తాయి. ఈ ప్రశ్న అడిగింది కారణాలు కాబట్టి 1946 తర్వాతవి నాలుగు లైన్లలో ముగించాను. గుర్తులు ఐదు ఉన్నాయని ఐదింటికీ సమానంగా గుడ్డ కత్తిరించక్కర్లేదు.

చాకలి ఐలమ్మ గురించి మాత్రం ఒక పేజీ ఎక్కువే రాశాను. మాకు పాలకుర్తి ఎంత దూరమని. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వచ్చి పండిన పంట ఎత్తుకుపోబోతే నిలబడిన మనిషి. రాస్తూ రాస్తూ ప్రశ్న మర్చిపోయాను. మేడమ్ ఆ పేజీ పక్కన ‘బాగుంది, కానీ ఇక్కడ అడగలేదు’ అని రాశారు. అదీ నిజమే.

కచ్చా కుట్టు

కొత్త మోడల్ జాకెట్టు అయితే నేరుగా మిషన్ మీద వేయం కదా. ముందు చేత్తో కచ్చా కుట్టు వేస్తాం, వేసి చూస్తాం, విప్పుతాం. మొదటిసారి రాసింది అలాంటిదే. దాన్ని చూసి సిగ్గుపడక్కర్లేదు, ఎవరికీ చూపించనూ అక్కర్లేదు.

కచ్చాగా రాసేటప్పుడు మూడు పనులు చేస్తాను. రూళ్ల నోట్‌బుక్కులో ఒక గీత వదిలి ఒక గీత రాస్తాను. లోపల గుడ్డ వదిలితేనే రేపు వదులు చేయగలం. గుర్తుకు రాని మాట దగ్గర ఆగను, చుక్కలు పెట్టి ముందుకెళ్తాను. కొట్టేసిన వాక్యాన్ని కనపడకుండా గీకను, ఒక్క గీతతో కొడతాను. రెండు రోజుల తర్వాత ఆ కొట్టేసిందే పనికొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మళ్లీ చూసేది మర్నాడే. అప్పుడు ఎర్రపెన్ను నా చేతిలో ఉంటుంది. ముందు నాలుగు మాటల కోసం వెతుకుతాను.

మొదటిది ‘జరిగింది’. ‘సర్వే చేయడం జరిగింది’, ‘భూములు పంచడం జరిగింది’. ఇది ఆఫీసు కాగితాల నుంచి మనకు అంటుకున్న జబ్బు. ‘సర్వే చేశారు’, ‘భూములు పంచారు’ అంటే చాలు. రెండోది ‘యొక్క’. ‘రైతు యొక్క భూమి’ అని ఇంట్లో ఎవరైనా అంటారా? రైతు భూమి. మూడోది ‘మరియు’. ‘అన్న, తమ్ముడు వచ్చారు’ అంటాం, ‘అన్నా తమ్ముడూ వచ్చారు’ అంటాం. మధ్యలో మరియు దేనికి?

నాలుగోది ‘బడు’. ఇది కాస్త లోతైనది. ‘రైతుల భూములు ఆక్రమించబడినవి’ అని రాశాననుకోండి. చూడ్డానికి పెద్ద వాక్యంలా ఉంది. ఎవరు ఆక్రమించారు? వాక్యంలో లేదు. ‘బడు’ తీసేసి రాద్దామని కూర్చుంటే ‘రైతుల భూములను దేశ్‌ముఖ్‌లు ఆక్రమించారు’ అని పేరు చెప్పక తప్పదు. పేరు చెప్పాలంటే పుస్తకం మళ్లీ తెరిచి, నిజంగా ఎవరో చూసుకోవాలి. నాకు పాఠం సగం అర్థమైన చోటల్లా ‘బడు’ దూరిందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు అది కనపడితే భాష తప్పు అనుకోను, ఇక్కడ నాకేదో తెలియదు అనుకుంటాను.

ఆ తర్వాత పైకి చదువుతాను. నిజంగా నోటితో, గొంతెత్తి. ఊపిరి ఆడని చోట వాక్యం పొడుగైందన్నమాట, రెండు చేస్తాను. మా ఆయన మొదట్లో ఎవరితో ఫోన్ మాట్లాడుతున్నావని అడిగేవాడు.

అక్షర దోషాలు చివర్లో చూడండి. మొదట్లోనే వాటి జోలికి పోతే పెన్ను కదలదు. నా తప్పులు నాకో చిన్న పుస్తకంలో ఉన్నాయి, చేసిన తప్పులనే రాసుకుంటాను. అన్నింటికంటే ఎక్కువసార్లు చేసింది అర్థం, అర్ధం. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ‘నాకు సగమైంది’ అని ఎన్ని పేజీల్లో రాశానో దేవుడికే తెలియాలి. అర్ధరాత్రిలో ‘ధ’, అర్థశాస్త్రంలో ‘థ’ అని గుర్తు పెట్టుకున్నాక తగ్గింది. ధ్రువపత్రం (నేను ధృవ అని రాసేదాన్ని), ఉచ్చారణ (చ కింద ఛ వత్తు పెట్టేదాన్ని), విద్యార్థి కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. అనుమానం వస్తే ఫోన్‌లో ఆంధ్రభారతి నిఘంటువులో వెతుకుతాను. ఒకేసారి చాలా నిఘంటువుల్లో చూపిస్తుంది, పైసా ఖర్చు లేదు.

యాస సంగతి

‘మళ్లీ నవ్వరని ఏంటి నమ్మకం’ అన్నాను కదా. పదో తరగతిలో ఉండగా మా ఊరి జాతర మీద వ్యాసం రాయమన్నారు. ఇష్టంగా రాశాను. ‘జనం మస్తుగ వచ్చిండ్రు, బండ్లు కట్టుకొని వచ్చిండ్రు’ అని మొదలుపెట్టాను. ఆ సారు నా నోట్‌బుక్ తీసుకుని క్లాసు ముందు చదివాడు. ‘వచ్చిండ్రు’ దగ్గర ఆగి, దాన్ని సాగదీసి మళ్లీ చదివాడు. క్లాసంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న పిల్ల కూడా. ఆ రోజు నుంచి సొంతంగా వాక్యం రాయలేదు. పుస్తకంలోది ఎత్తి రాస్తే ఎవరూ నవ్వరు కదా.

బీఏ తెలుగు పేపర్లో గిడుగు రామమూర్తి పాఠం వచ్చింది. 1863లో పుట్టి 1940లో పోయిన మనిషి. బడి పుస్తకాలూ పరీక్ష జవాబులూ జనం మాట్లాడే భాషలో ఉండాలని నూరేళ్ల కిందట పండితులతో పోట్లాడాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. తర్వాత కవి కాళోజీ గురించి చదివాను. బడిపలుకులు వేరు, పలుకుబడులు వేరు అని ఆయన విడదీసి చూపిన మాట నాకోసమే అన్నట్టనిపించింది. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9 మన రాష్ట్రంలో తెలంగాణ భాషా దినోత్సవం. ఇవన్నీ తెలిశాక ఆ సారు మీద కోపం పోలేదు గానీ, తప్పు నాది కాదని మాత్రం తెలిసింది.

ఇక పరీక్షలో ఏం చేయాలి? నేను అడిగి తెలుసుకుని పాటిస్తున్న పద్ధతి ఇది. నా మాటగా చెప్పే వాక్యాలు ‘వచ్చారు, చేశారు’ అని మామూలు రాతభాషలో రాస్తాను. దిద్దేవాళ్లు ఏ జిల్లావాళ్లో మనకు తెలియదు. ఎవరో అన్న మాట చెప్పాల్సి వస్తే దాన్ని ఉన్నది ఉన్నట్టు కొటేషన్లలో పెడతాను. ‘ఇచ్చీ ఇచ్చీ యాష్టకొచ్చిండ్రు’ అన్నది ఒక అసైన్‌మెంట్‌లో అవ్వ మాటగా అలాగే పెట్టాను. దాని కింద మేడమ్ గీత గీసి పక్కన టిక్కు పెట్టారు. మాటలకైతే ఈ అడ్డు కూడా పెట్టుకోను. గడి, వెట్టి, కచ్చీరు, యాష్ట లాంటివి వాటి చోట అవే సరైన మాటలు. వాటిని మార్చి ‘భవంతి’ అని రాస్తే చదివేవాడి కంటి ముందు గడి రాదు.

ఎవరికి చూపించాలి, ఎవరికి వద్దు

మా ఆయనకు చూపిస్తే చదవకుండానే బాగుందంటాడు. ఇంటర్ చదివే మా అమ్మాయికి చూపిస్తే చేతిరాత చూసి నవ్వుతుంది. ఇద్దరూ నా మంచి కోరేవాళ్లే, కానీ ఈ పనికి పనికిరారు. నాకు దొరికిన మనిషి పక్క షాపులో ఫాల్స్, లైనింగ్ గుడ్డలు అమ్మే అక్క. ఏడో తరగతి దాకా చదివింది. చదివి వినిపిస్తుంటే మధ్యలో ‘అంటే?’ అంటుంది. అంతే. ఆమె ‘అంటే?’ అన్న చోట పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటాను. ఆ చుక్కలున్న చోటే మళ్లీ రాయాలి. ‘భూస్వామ్యం’ దగ్గర ఆమె మూడుసార్లు ఆపింది, మూడోసారికి గానీ నాకు అది సరిగ్గా చెప్పడం రాలేదు.

మీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి. మెచ్చుకునేవాళ్లు వద్దు, తప్పులు పట్టేవాళ్లూ మొదట్లో వద్దు. మా బ్యాచ్‌లో మేం నలుగురం ఆదివారం క్లాసుకు అరగంట ముందు వరండాలో కూర్చుని ఒకరి కాగితాలు ఒకరం చదివేవాళ్లం. హోంగార్డు అన్న రాసింది చదివితే పంచనామా చదివినట్టే ఉండేది, తేదీ, సమయం, స్థలంతో సహా. మాకు నవ్వొచ్చేది గానీ, సాక్ష్యం ఎలా పెట్టాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాం.

గైడ్ల సంగతి అడుగుతారు. నేనూ కొన్నాను. పరీక్షకు ముందు ఏయే ప్రశ్నలు వస్తాయో చూసుకోవడానికి పనికొస్తాయి. జవాబులు మాత్రం చదవకండి. చదివితే ఆ వాక్యాలే చెవిలో ఉండిపోతాయి, మన మాట మళ్లీ ముడుచుకుంటుంది.

చెయ్యి, గడియారం

మూడు గంటల పరీక్ష అంటే తెలివి కంటే ముందు బొటనవేలు గుర్తుకొస్తుంది. మొదటి సెమిస్టర్‌లో గంటన్నరకే వేళ్లు పట్టేసి చివరి రెండు జవాబులు కోడి గీకినట్టు రాశాను. తర్వాత కొలుచుకున్నాను. ఇరవై గీతల పేజీ నింపడానికి నాకు ఎనిమిది నిమిషాలు. అంటే పెద్ద ప్రశ్నకు అరగంట పెట్టుకుంటే, ఆలోచనకు ఐదు నిమిషాలు పోను మూడు పేజీలే నా శక్తి. పక్కనమ్మాయి అడిషనల్ షీటు అడిగినప్పుడల్లా గుండె జారేది, ఈ లెక్క తెలిశాక ఆ టెన్షన్ పోయింది. నా మూడు పేజీల్లోకి ఏం పట్టాలో ముందే కత్తిరించుకుంటున్నాను. మీ పేపర్లో ఎన్ని ప్రశ్నలో, ఎన్ని మార్కులో చూసి మీ లెక్క మీరు వేసుకోండి. ఆ ఐదు నిమిషాలు మాత్రం ఎవరి మాటా విని తగ్గించకండి. ఆన్సర్ షీటు చివరి పేజీలో ఐదు గుర్తులు వేసుకుని, అయ్యాక కొట్టేయండి.

ఇంటి దగ్గర అలవాటుకు రోజూ పదిహేను నిమిషాలు రాస్తాను, గడియారం పెట్టుకుని, ఒకే ప్రశ్న. పెన్ను లావుగా ఉన్నది కొనండి, సన్నది పట్టుకుంటే వేళ్లు ఎక్కువ నొక్కుకుంటాయి. జెల్ పెన్ను నాకు పడలేదు, చేతి చెమటకు అలుక్కుపోతుంది.

రోజూ అన్నాను గానీ అబద్ధం ఆడను. శ్రావణమాసంలో, పెళ్లిళ్ల సీజన్లో, బతుకమ్మకు ముందు పది రోజులు ఒక్క అక్షరం రాయను. రాత్రి పదకొండు దాకా మిషన్ తొక్కిన మనిషిని కూర్చుని రాయమనడం అన్యాయం. మొదటి ఏడాది అలా గ్యాప్ రాగానే అంతా మర్చిపోయానని బెంగపెట్టుకుని పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టాను. ఇప్పుడు పండుగకు ముందే నోట్‌బుక్‌లో ఒక వాక్యం సగంలో వదిలేస్తాను. పండుగయ్యాక తెరిస్తే ఆ సగం వాక్యం ఎదురుచూస్తూ ఉంటుంది, దాన్ని పూర్తి చేయడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

దుకాణంలో ఉన్నప్పుడు తట్టిన మాటలు మాత్రం ఏ సీజన్‌లోనైనా రాసుకుంటాను, చేతికి దగ్గరున్నది కొలతల పుస్తకమే కాబట్టి అందులోనే. పోయిన నెల ఒకావిడ జాకెట్టు కొలతలు మార్చమని వచ్చింది. ఆమె పేజీ తీశాను. ఛాతీ, నడుము, చెయ్యి, వాటి పక్కనే నా రాత: ‘వెట్టి – రెండు కారణాలు – ముందు భయం, తర్వాత సంఘం.’ ఆవిడ పుస్తకం తన వైపు తిప్పుకుని చదివింది.

“ఇదేం మోడలక్కా? నాకు గిట్ల కుడుతున్నవా?” అంది.

“లేదమ్మా, నీది బోట్ నెక్కే” అని చెప్పి, ఆ పేజీ చివర మడిచి పెట్టుకున్నాను.